ఎనిమిది నిమిషాల తర్వాత వచ్చే గొంతు

పిల్లలూ,

వేసవి సెలవుల్లో మీకు వినిపించబోయి మధ్యలో ఆపేసిన రికార్డు గురించి ఈ ఉత్తరం. మూడు నిమిషాలైనా ఎవరూ పాడకపోయేసరికి మీరు లేచి వెళ్లిపోయారు. తప్పు మీది కాదు. ఎవరి కోసం ఎదురుచూడాలో ముందే చెప్పవలసింది నేను.

అది ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందం 1975 సెప్టెంబరులో విడుదల చేసిన 'విష్ యు వర్ హియర్'. నువ్వు ఇక్కడ ఉంటే ఎంత బాగుండేది అని అర్థం. ఆ 'నువ్వు' ప్రధానంగా సిడ్ బారెట్. బృందానికి తొలినాళ్లలో పాటలు రాసి, పాడి, గిటారు వాయించినవాడు. ఇద్దరు అమెరికన్ బ్లూస్ కళాకారులు పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ పేర్లను కలిపి బృందానికి పేరు పెట్టింది కూడా ఆయనే. మత్తుమందులు, మానసిక అస్వస్థత ఆయనను కుంగదీశాయి. 1968లో బృందం నుంచి తప్పుకునేనాటికి వయసు 22 ఏళ్లు.

ఇక మీకు విసుగు తెప్పించిన ఆ మొదటి పాట, 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్'. కచేరీలో ఆలాపన జరుగుతుంటే సాహిత్యం ఎప్పుడొస్తుందని మనం తొందరపడం కదా, దీన్నీ అలాగే వినండి. మొదట మంచులా పరచుకునే శబ్దంలో గాజు గ్లాసుల మోత కలిసి ఉంది. నీళ్లు పోసిన గ్లాసు అంచు మీద తడి వేలు తిప్పితే వచ్చే నాదం అది. మన జలతరంగంలో పుల్లతో కొడతారు, ఇక్కడ వేలితో రాస్తారు. ఇంట్లోని వస్తువులతోనే ఒక ఆల్బమ్ చేద్దామని అంతకుముందు ప్రయత్నించి వదిలేశారు. ఆ ప్రయత్నంలో మిగిలిన శబ్దమే ఇది. దాదాపు నాలుగు నిమిషాలకు బృందంలోని గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ గిటారు మీద నాలుగు స్వరాలు పలికిస్తారు. నాలుగే. వాటిని మళ్లీ మళ్లీ పలికిస్తుంటే ఎవరినో పేరు పెట్టి పిలిచి, జవాబు కోసం ఆగినట్లు ఉంటుంది నాకు. ఎనిమిది నిమిషాలు దాటాక గానీ బృందంలోని మరొకరు, రోజర్ వాటర్స్ గొంతు రాదు. వచ్చిన మొదటి మాటే సిడ్ చిన్నతనాన్ని తలచుకోవడం.

1975 జూన్ 5న లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో ఇదే పాట పని జరుగుతుండగా ఒక మనిషి లోపలికి వచ్చాడు. లావెక్కిన శరీరం, గొరిగిన తల, కనుబొమలు కూడా లేవు. కాసేపటి వరకు ఎవరూ పోల్చుకోలేకపోయారు. అతడే సిడ్. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది.

మధ్యలోని రెండు పాటలు సంగీతాన్ని సరుకుగా చూసే వ్యాపారం మీద కోపం. వాటిలో ఒకదానిలో కంపెనీ పెద్దమనిషి 'మీలో పింక్ ఎవరు?' అని అడుగుతాడు. పేరు కథ తెలిసిన మీకు ఆ ప్రశ్న ఎంత గుచ్చుకుంటుందో అర్థమవుతుంది. ఆల్బమ్ పేరునే పెట్టుకున్న పాటలో మొదటి గిటారు పాత రేడియోలో నుంచి వచ్చినట్లు సన్నగా ఉంటుంది. రెండో గిటారు మాత్రం మన గదిలోనే కూర్చుని దానికి తోడు వాయిస్తున్నంత దగ్గరగా వినిపిస్తుంది. దూరాన ఉన్నవాడు, దగ్గర ఉన్నవాడు. పాట మొదలయ్యే లోపే సంగతంతా చెప్పేశారు.

చివర్లో మొదటి పాటే మళ్లీ వచ్చి ముగుస్తుంది. ధ్వని సన్నగిల్లిపోతుండగా బృందంలో కీబోర్డు వాయించే రిక్ రైట్ ఒక చిన్న వరుస వాయిస్తారు. అది 1967లో సిడ్ రాసిన 'సీ ఎమిలీ ప్లే' పాటలోది. ముందే విని ఉండకపోతే దాన్ని గుర్తుపట్టలేం. అందుకే దసరాకు మీరు వచ్చినప్పుడు మొదట ఆ మూడు నిమిషాల పాట వినిపిస్తాను, ఆ తర్వాతే ఈ రికార్డు పెడతాను.

మీ తాతయ్య