జపాన్ బడి బ్యాండ్ల గొడవకు మూలం: 1971 నాటి నాలుగు శాతం

జపాన్‌లో బడి బ్యాండ్ల గొడవ మళ్ళీ రాజుకుంది. ఆ క్లబ్బుల్ని బడి నుంచి విడదీయొద్దని సీనియర్ బ్యాండ్ టీచర్లు అంటుంటే, పనిగా లెక్కలోకి రాని ఆ బాధ్యత మా మీద పెట్టొద్దని యువ టీచర్లు అంటున్నారు. కోబె నగరం తన మునిసిపల్ మిడిల్ స్కూళ్ళలో నడిచే క్లబ్బులన్నిటినీ 2026 ఆగస్టుతో ఆపేసి, ఆ పనిని సెప్టెంబరు నుంచి బయటి సంఘాలకు అప్పగిస్తామని 2024 డిసెంబరులో ప్రకటించింది. వారాంతాలే కాదు, మామూలు రోజుల సాధన కూడా ఆగిపోతుంది. ఫుట్‌బాల్, టెన్నిస్ క్లబ్బుల విషయంలో ఎలాగో సర్దుకుపోవచ్చు అంటున్నవాళ్ళు కూడా బ్యాండ్ దగ్గరికొచ్చేసరికి ఆగుతున్నారు. ట్యూబా (భారీ బాకా) ఎవరిది, సాధన గదికి తాళం ఎవరు తీస్తారు, అన్నిటికన్నా ముఖ్యంగా ముందు నిలబడి చెయ్యి ఊపేదెవరు అన్నవి వాళ్ళ ప్రశ్నలు.

మన బళ్ళలో బ్యాండ్ అంటే ఆగస్టు 15న కవాతు ముందు నడిచే డ్రమ్ములు, బాకాలు. జపాన్‌లో అలా కాదు. అక్కడ ‘సుయ్‌సోగకు’ అంటే ఫ్లూట్, క్లారినెట్, శాక్సఫోన్, హార్న్, ట్రంపెట్, ట్రాంబోన్, ట్యూబా, వెనక డ్రమ్ములు, అన్నీ కలిసి హాల్లో కూర్చుని కచేరీ చేసే పూర్తి స్థాయి వాద్యబృందం. అది పాఠ్యాంశం కాదు, బడి అయ్యాక నడిచే క్లబ్బు. ఆ క్లబ్బును చూసుకునే టీచరును ‘కొమొన్’ అంటారు. కాగితం మీద ఆయన పర్యవేక్షకుడు మాత్రమే. నిజానికి ఆయనే శిక్షకుడు, ముందు నిలబడి చేతులూపి బృందాన్ని నడిపించే కండక్టరు, వాద్యాలు రిపేరుకు పంపేవాడు, బస్సు మాట్లాడేవాడు, ఏడ్చే పిల్లకి ధైర్యం చెప్పేవాడు.

మెయిజీ కాలంలో (పందొమ్మిదో శతాబ్దం చివర్లో) సైనిక బ్యాండ్లు ఎలా వచ్చాయి, ఏ దొర ఎవరికి నేర్పాడు అన్న కథ ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఇక్కడ చెప్పడం లేదు. 1940లో దేశవ్యాప్త బ్యాండ్ పోటీ మొదలైందనీ, యుద్ధంతో ఆగిపోయి 1956లో మళ్ళీ లేచిందనీ గుర్తుంచుకుంటే చాలు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చూడాల్సిన ఏడాది 1971.

అంతకు ముందు పదేళ్ళు జపాన్ ప్రభుత్వ బడి టీచర్లు కోర్టుల చుట్టూ తిరిగారు. మీటింగులు, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళడాలు వంటి అదనపు గంటలకు ఓవర్‌టైమ్ ఇవ్వమని ఒక్కో ప్రాంతంలో కేసులు వేశారు. తీర్పులు చాలావరకు వాళ్ళ వైపే వచ్చాయి. అలా అందరికీ లెక్కగట్టి ఇవ్వాల్సి వస్తుందన్న టెన్షన్‌లో ప్రభుత్వం 1971 మే నెలలో ప్రత్యేక చట్టం తెచ్చింది. దాన్ని క్లుప్తంగా ‘క్యూతొకుహో’ అంటారు. 1972 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది.

ఆ చట్టం రెండు పనులు చేసింది. ఓవర్‌టైమ్ అన్న మాటే తీసేసి, దాని బదులు ప్రతి టీచరుకీ మూల వేతనంలో 4 శాతం కలిపి ఇచ్చింది. 1966లో చేసిన సర్వేలో టీచర్లు నెలకు సగటున ఎనిమిది గంటలు అదనంగా పనిచేస్తున్నారని తేలింది, ఈ 4 శాతం దానికి సరిపడా వేసిన లెక్క. అంటే, వారానికి రెండు గంటలు. ఏ బ్యాండ్ టీచరైనా ఒక్క శనివారం పొద్దున్నే ఖర్చుపెట్టే సమయం కన్నా తక్కువ.

రెండో పని ఇంకా పెద్దది. హెడ్మాస్టరు టీచరును అదనంగా పనిచెయ్యమని ఆదేశించగల సందర్భాలు నాలుగే అని గీత గీశారు: విద్యార్థుల ప్రయోగ శిక్షణ, బడి ఉత్సవాలు, సిబ్బంది సమావేశాలు, విపత్తుల వంటి అత్యవసరాలు. క్లబ్బులు ఆ నాలుగింటిలో లేవు. లేవు కాబట్టి ఆదేశించడం కుదరదు. ఆదేశించలేదు కాబట్టి టీచరు తనంతట తాను ఇష్టపడి చేస్తున్నట్టే లెక్క.

మన టీచర్ల మీద ఎన్నికల డ్యూటీ, జనాభా లెక్కల డ్యూటీ ఎలా వచ్చి పడతాయో మనకు తెలుసు. కానీ మన దగ్గర ఆర్డరు కాగితం ఉంటుంది, దాన్ని చూపించి గొడవ పడొచ్చు. జపాన్ బ్యాండ్ టీచరు చేతిలో ఆ కాగితం లేదు. యాభై ఏళ్ళుగా వేల మంది చేసిన పని చట్టం దృష్టిలో అసలు పనే కాదు.

నా ఉద్దేశంలో ఇవాళ రెండు పక్షాలూ పోట్లాడుకుంటున్నది ఈ ఖాళీలోనే. ఆ ఖాళీలో ముందు పుట్టింది మాత్రం ఒక అద్భుతం, అది కూడా చెప్పాలి.

ఒసాకాలో యోదొగావా అనే టెక్నికల్ హైస్కూలు ఉంది. 1964లో మరుతాని అకియో అనే యువకుడు అక్కడ ఉద్యోగంలో చేరాడు. సంగీత కళాశాల మెట్లెక్కినవాడు కాదు. అయినా బ్యాండ్ చేతికొచ్చింది. సర్వీసు అయిపోయాక కూడా ఆ బ్యాండును వదలలేదు, 2021 డిసెంబరులో చనిపోయేదాకా అదే ఆయన జీవితం. చేతిపనులు నేర్చుకోవడానికొచ్చిన, అంతకు ముందు చాలామంది క్లారినెట్ ముట్టుకోని కుర్రాళ్ళతో జాతీయ పోటీలో ఎన్నోసార్లు స్వర్ణాలు కొట్టించాడు. చివరికి అఖిల జపాన్ బ్యాండ్ సంఘానికే అధ్యక్షుడయ్యాడు. సంగీతం చదవని టీచరు దేశంలోని సంగీతం టీచర్లందరికీ పెద్దదిక్కు కావడం జపాన్ బడి బ్యాండ్లలోనే సాధ్యమైంది.

ఫుకుఒకాలోని సెయ్‌కా బాలికల హైస్కూల్లో ఫుజిషిగె యొషిహిసది ఇంకో రకం కథ. అది ప్రైవేటు బడి. బదిలీల బెడద లేదు, 1971 చట్టమూ వర్తించదు. ముప్ఫై అయిదేళ్ళు ఒకే చోట ఉండి ఆ బ్యాండును దేశంలో మొదటి వరసలో నిలబెట్టాడు. 2015లో నాగసాకిలోని కాస్సుయ్ అనే బడికి మారాడు. అదే ఏడాది ఆ బడి జాతీయ పోటీకి వెళ్ళింది. ఆయనకు పిల్లలు కొత్త, గది కొత్త. ఆ బడిలో మారింది మాత్రం ఆయనొక్కడే. అనుభవం అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు కనిపించలేదు.

ప్రభుత్వ బళ్ళలో మాత్రం సాధారణంగా ఈ అనుభవం నిలబడదు. టీచర్లు కొన్నేళ్ళకొకసారి బదిలీ అవుతారు. మంచి కొమొన్ వెళ్ళిపోతే రెండేళ్ళలో బ్యాండ్ చప్పబడుతుంది, ఆయన వెళ్ళిన చోట ఇంకోటి లేస్తుంది. అందుకే తల్లిదండ్రులు బడి పేరు కన్నా ముందు ఏప్రిల్ బదిలీల్లో ఏ టీచరు ఎక్కడికి వెళ్ళాడో చూస్తారు. ఇంత విలువైన నైపుణ్యానికి సర్వీసు రికార్డులో మాత్రం చోటు లేదు. ఆయన జీతం లెక్కల టీచరు జీతమో, సైన్సు టీచరు జీతమో, అంతే. సెలవు రోజున పనిచేస్తే మాత్రం చిన్న భత్యం ఉంటుంది. 2019 నుంచి కేంద్ర ప్రమాణం ప్రకారం మూడు గంటలకు 2,700 యెన్లు.

పోటీ నిబంధన చూస్తే వాళ్ళ కష్టం తెలుస్తుంది. ఇచ్చిన ఒక రచన, తాము ఎంచుకున్న ఒక రచన, రెండూ కలిపి 12 నిమిషాలు. దాటితే అనర్హత. హైస్కూలు పెద్ద విభాగంలో వేదిక మీద 55 మందికి మించకూడదు. ఆ 12 నిమిషాల కోసం ఏడాది పొడవునా తెల్లవారి సాధన, సాయంత్రం సాధన, శని ఆదివారాలు. 1970ల నుంచి 2011 దాకా మిడిల్, హైస్కూలు ఫైనల్స్ టోక్యోలోని ఫుమోన్‌కన్ హాల్లో జరిగేవి. దాదాపు 5 వేల సీట్లు, అద్దంలా మెరిసే నల్లటి నేల. భూకంపానికి ఆగదని తేలి దాన్ని కూల్చేసే ముందు, 2018 నవంబరులో కొన్ని రోజులు వేదికను అందరికీ తెరిచారు. వేల మంది వాద్యాలు పట్టుకుని వచ్చారు. జుట్టు నెరిసినవాళ్ళు ఆ నేల మీద నిలబడి తమ పదహారేళ్ళ నాటి రచనల్ని మళ్ళీ వాయించారు. ఇదంతా ‘జీతం లేని పని’ అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళు ఈ దృశ్యాన్ని కూడా చూడాలి.

ఇప్పుడు రెండో వైపు. 1989లో పాఠ్య ప్రణాళిక మారినప్పుడు, పిరియడ్‌లో నడిచే తప్పనిసరి క్లబ్బు బదులు బడి తర్వాతి క్లబ్బునే లెక్కలోకి తీసుకోవచ్చన్నారు. దాంతో చాలా బళ్ళు పిల్లలందరూ చేరాలి, టీచర్లందరూ ఏదో ఒక క్లబ్బు చూసుకోవాలి అన్నాయి. 2016 నాటి ప్రభుత్వ సర్వేలో మిడిల్ స్కూళ్ళలో 87.5 శాతం అందరు టీచర్లకూ క్లబ్బు బాధ్యత అప్పగించే పద్ధతిలోనే ఉన్నాయి. కోరి బ్యాటన్ (కండక్టరు కర్ర) పట్టినవాళ్ళ పక్కనే, బ్యాటన్ ఎలా పట్టుకోవాలో తెలియనివాళ్ళు కూడా అదే ‘ఇష్టపూర్వక’ పనిలో ఇరుక్కున్నారు. 2018లో అంతర్జాతీయ సర్వే జపాన్ మిడిల్ స్కూలు టీచరు వారానికి 56 గంటలు పనిచేస్తున్నాడని తేల్చింది. పాల్గొన్న దేశాల సగటు 38.3. క్లబ్బుల వంటి వాటికే 7.5 గంటలు పోతున్నాయి, మిగతా దేశాల్లో రెండు గంటలు కూడా కాదు. ఆదివారాలు ఇంట్లో కనబడని టీచర్ల భార్యలకు ‘బుకత్సు (బడి క్లబ్బు) వితంతువులు’ అనే పేరు కూడా పుట్టింది.

టీచర్లు కోర్టుకెళితే 1971 చట్టమే అడ్డం వచ్చింది. క్యోటో టీచర్ల కేసులో 2011 జులైలో సుప్రీం కోర్టు, హెడ్మాస్టర్లు ఆదేశించినట్టు లేదు కాబట్టి నగరానికి బాధ్యత లేదంది. సైతామా జిల్లా కోర్టు 2021లో ఒక టీచరు దావా కొట్టేస్తూనే, ఈ చట్టం ఇప్పటి బడుల పరిస్థితికి సరిపోతోందా అని తీర్పులోనే అనుమానం వ్యక్తం చేసింది. ఈ మధ్యలో, కొమొన్‌గా ఉండాలో వద్దో ఎంచుకునే హక్కు మాకివ్వండి అంటూ కొందరు యువ టీచర్లు ఇంటర్నెట్‌లో సంతకాలు సేకరించారు. 20 వేలకు పైగా వచ్చిన సంతకాలను 2016లో విద్యాశాఖకు ఇచ్చారు. 2018 చివర్లో ఒక హైస్కూలు బ్యాండ్ విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. తర్వాత వేసిన విచారణ కమిటీ అక్కడి సుదీర్ఘ సాధన గంటల్ని తప్పుబట్టింది. పిల్లల వైపు నుంచి కూడా ‘ఇష్టపూర్వకం’ అన్న మాటకు అర్థం ఏమిటన్న ప్రశ్న అప్పుడు గట్టిగా వచ్చింది.

ఆ 2018లోనే సాంస్కృతిక క్లబ్బులకు మార్గదర్శకాలు వచ్చాయి: వారానికి కనీసం రెండు రోజులు సెలవు, మామూలు రోజు రెండు గంటలు, సెలవు రోజు మూడు గంటలు. 2022 డిసెంబరు మార్గదర్శకాల్లో, 2023 నుంచి మూడేళ్ళలో వారాంతపు క్లబ్బుల్ని బడి బయటికి తరలించే పని ముమ్మరం చేస్తామన్నారు. గడువు పెట్టబోయి, ఊళ్ళ నుంచి వ్యతిరేకత వచ్చేసరికి ‘వీలైనంత త్వరగా’ అని సడలించారు. 2026 నుంచి ఇంకో ఆరేళ్ళు పట్టేలా కొత్త ప్రణాళిక వచ్చింది. కోబె ఈ వరసలో ఆగకుండా నేరుగా మొత్తం ఆపేద్దామంది.

సీనియర్ బ్యాండ్ టీచర్లు దీన్ని వ్యతిరేకిస్తున్నారంటే, పాత గంటలే కావాలని వాళ్ళందరూ పట్టుబడుతున్నారని కాదు. వాళ్ళ భయం వేరు. బ్యాండులో ట్యూబా, టింపనీ, బారిటోన్ శాక్సఫోన్ వంటి ఖరీదైన వాద్యాలు బడివే. పిల్లలు తాకి చూసి, నచ్చితే పట్టుకుంటారు. నెలవారీ ఫీజు కట్టి బయటి సంఘంలో చేరాలంటే, డబ్బున్న ఇంటి పిల్ల ముందుంటుంది. యాభై మంది ఒకేసారి ఊదితే చుట్టుపక్కల ఒప్పుకునే చోటు బడి తప్ప ఊళ్ళో దాదాపు ఉండదు. కోబె పథకం బడి గదుల్ని వాడుకోనిస్తుంది, టీచరు కోరితే అనుమతి తీసుకుని బయటి సంఘంలో శిక్షకుడిగా చేరవచ్చు. కానీ అతను పగలు బడిలో ఆ పిల్లను చూసే టీచరు కూడా అన్న సంబంధం అక్కడ ఉండదు. గంటకింత అని వచ్చి వెళ్ళే శిక్షకుడు ట్రంపెట్ పెదవి బిగువు సరిచేయగలడు. వారం రోజులుగా ఆ అమ్మాయి ఎందుకు మాట్లాడటం లేదో అతనికి తెలిసే దారి లేదు.

ఈ మాటకు యువ టీచర్ల జవాబు సూటిగా ఉంటుంది: ఆ పిల్లను గమనించడం మా పనే అయితే, దాన్ని పనిగా రాయండి. అందులో న్యాయం ఉంది. అయితే ఇదే మాట నలభై ఏళ్ళ క్రితమే అనాల్సినవాళ్ళు సీనియర్లు. ఎంతో ఇష్టంతో చేసిన పని కాబట్టి వాళ్ళు అడగలేదు, అడగకపోవడమే తర్వాతివాళ్ళ మెడకు చుట్టుకుంది. తమ ఓపిక ఇంకొకరికి శిక్ష అవుతుందని వాళ్ళకెవరూ చెప్పలేదు. వాళ్ళ మీద నాకు కోపం రావడం లేదు.

ప్రభుత్వం చివరికి కదిలింది. 2022 సర్వేలో మిడిల్ స్కూలు టీచర్లలో 77.1 శాతం మంది నెలకు 45 గంటల అదనపు పని పరిమితి దాటుతున్నట్టు అంచనా వచ్చాక, 2025 జూన్‌లో 1971 చట్టాన్ని సవరించారు. యాభై ఏళ్ళకు పైగా కదలని 4 శాతం 2026 జనవరి నుంచి ఏటా ఒక శాతం చొప్పున పెరిగి 10 శాతానికి చేరుతుంది. హెడ్మాస్టరు ఆదేశించగల ఆ నాలుగు పనుల జాబితాను మాత్రం ముట్టుకోలేదు. క్లబ్బు ఇప్పటికీ అందులో లేదు.