పర్లాకిమిడి పిల్లవాడి ఇష్టం ఏ భాషలో ఉంది?

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో, పశువుల కొమ్ముతో బొమ్మలు చేసే ఇంటి పిల్లవాడు ఒకడు నాకు తెలుసు. నాలుగో తరగతి. కొమ్మును నిప్పు మీద ఎంతసేపు కాస్తే వంగుతుందో, ఎక్కడ నొక్కితే కొంగ మెడ వస్తుందో తండ్రి పక్కన కూర్చుని పట్టేశాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. వేడికి వస్తువులు ఎలా మారతాయో చెప్పే పాఠం వచ్చిన రోజు కూడా వాడు క్లాసులో నోరు విప్పలేదు.

పిల్లల ఇష్టాన్ని పట్టుకుని చదువు చెప్పాలన్న మాట పాతదే. 1896లో షికాగోలో అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ పెట్టిన ప్రయోగ పాఠశాలలో పిల్లలు వంట చేస్తూ, నేస్తూ, చెక్క పని చేస్తూ లెక్కలూ సైన్సూ నేర్చుకున్నారు. ఒడిశాలోనే 1909లో గోపబంధు దాస్ సాక్షిగోపాల్ దగ్గర చెట్ల నీడన సత్యవాది బడి నడిపారు. 1937లో గాంధీజీ పిలిచిన వార్ధా సభ చేతిపని చుట్టూ చదువు అల్లాలని తీర్మానించింది. అదే సభ బోధన మాతృభాషలో జరగాలని కూడా తీర్మానించింది. చేతిపని అందరికీ గుర్తుంది, రెండోది జారిపోయింది.

ఆ రెండో సంగతి మా ఊరికి అంతకు ముందే తెలుసు. 1880లో ఇక్కడి రాజావారి బడిలో టీచరుగా చేరిన గిడుగు రామమూర్తి, తెలుగు తెలిసిన సవర గిరిజనుడిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1911లో మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. తెలుగు పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఒకటి, పుస్తకంలో చదివేది ఇంకొకటి ఎందుకని స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్ అడిగిన ప్రశ్న కూడా ఆయన్ని కదిలించింది. వాడుకభాషా ఉద్యమానికి బీజం అక్కడే పడింది. దాన్ని పండితుల తగువుగా చదువుతాం గానీ, నాకైతే అది ముందు పిల్లల గోడు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది, పర్లాకిమిడి అందులో కలిసింది. గిడుగు రాజమండ్రి వెళ్లిపోయారు. ఊళ్లో తెలుగు ఇళ్లు మిగిలాయి.

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో ఆ జంట మళ్లీ కనిపిస్తుంది. పిల్లలు పనులు చేస్తూ, తామే కనిపెడుతూ నేర్చుకోవాలని ఒక మాట. బోధన మాతృభాషలో ఉండాలని ఇంకో మాట, కాకపోతే దానికి ముందు ‘వీలైనంత వరకు’ అని ఉంది. సరిహద్దు జిల్లాల్లో పిల్లల టెన్షన్ అంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. సవర, కోయ సహా పది గిరిజన భాషల్లో ఒడిశా ప్రభుత్వం బహుభాషా చదువు మొదలుపెట్టింది. గిడుగు కోరింది కొంతైనా జరిగినందుకు నాకు నిజంగా సంతోషం. ఇలాంటి తెలుగు పిల్లల సంగతీ అంత శ్రద్ధగా చూడాలి.

మొన్న ఆ పిల్లవాడు వాళ్ల నాన్నని అడుగుతుంటే విన్నాను: “నాన్నా, ప్లాస్టిక్‌ని కాస్తే కారిపోతుంది కదా, కొమ్ము ఎందుకు కారదు?”