ఫ్లాష్ పక్కన పెట్టి తీయండర్రా

చిన్నా, అమ్మలూ,

కెనాన్ కెనొనెట్ ఫిల్మ్ కెమెరా పగలు బాగానే పనిచేస్తోంది, సాయంత్రం అయ్యేసరికి బటన్ నొక్కినా పడట్లేదు అని రాశారు కదా, అది పాడవలేదర్రా. ఆటోలో ఉన్నప్పుడు షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో) మనం పెడితే అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) అదే చూసుకుంటుంది, ఎఫ్ 1.7 దాకా, అంటే పూర్తిగా, తెరిచినా వెలుతురు చాలకపోతే ఇక నొక్కనివ్వదు. స్పీడ్ 1/30కి, అంటే సెకనులో ముప్పయ్యో వంతుకి, దించండి, అప్పటికీ పడకపోతే అపర్చర్ రింగ్‌ని ఆటో నుంచి తప్పించి 1.7 మీద పెట్టండి. అలా పెట్టాక కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ పనిచేయదు, ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ ఏదైనా వేసుకోండి. 400 ఏఎస్ఏ (వెలుతురుని పట్టే వేగం) ఫిల్మ్‌తో మామూలు ట్యూబ్‌లైట్ గదిలో అయితే 1.7, 1/30 దగ్గర మొదలుపెట్టొచ్చు.

ఫ్లాష్ మాత్రం వద్దు. మీ చేతిలో ఉన్న జీ-3 మోడల్ 1972లో వచ్చింది, దాని 40 ఎంఎం లెన్స్ ఇలాంటి వెలుతురు కోసమే ఉన్నట్టు ఉంటుంది నాకు. ఎస్ఎల్ఆర్ కెమెరాల్లోలాగా అద్దం లేచి పడేది లేదు, షట్టర్ రేకులు లెన్స్ లోపలే టిక్కుమని తెరుచుకుని మూసుకుంటాయి, కుదుపు చాలా తక్కువ. మోచేతులు డొక్కలకి ఆనించి, గుమ్మానికి వీపు ఆనించి, ఊపిరి వదులుతూ మెల్లిగా నొక్కితే 1/15కి కూడా బొమ్మ నిలబడుతుంది.

అసలు కష్టం ఫోకస్ దగ్గర. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ మధ్యలో పసుపు మచ్చలో రెండు బొమ్మలు కనిపిస్తాయి కదా, అవి పక్కకి జరిగి కలుస్తాయి, అందుకని నిలువు గీత ఏదైనా వెతుక్కోవాలి. నున్నటి బుగ్గ మీద పెడితే కలిసిందో లేదో తెలీదు, కళ్లజోడు అంచో, మొహం మీద పడిన నీడ గీతో పట్టుకోండి. ఒకటిన్నర మీటరు దూరంలో 1.7 పెట్టి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 14 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. మీరు ఫోకస్ చేశాక అమ్మమ్మ కాస్త ముందుకి వంగిందంటే కళ్లు మసకే, మళ్లీ చూసుకుని తీయండి. మచ్చ మరీ వెలిసిపోయి ఉంటే వ్యూఫైండర్ ముందు అద్దం మీద మధ్యలో చిన్న నల్ల టేపు ముక్క అంటించండి, మచ్చ బాగా తేలుతుంది.

కార్తీకదీపాల దగ్గర ఇంకో సంగతి. మీటర్ కన్ను లెన్స్ పక్కనే ఉంటుంది, దీపం ఎదురుగా ఉంటే వెలుతురు బోలెడు ఉందనుకుని మొహాలని నల్లగా చేసేస్తుంది. దీపం తప్పించి మొహం వైపే తిప్పి బటన్ సగం నొక్కి పట్టుకుని, తర్వాత ఫ్రేమ్ సర్దుకోండి. బ్యాటరీ ఒకప్పుడు 1.35 వోల్టుల మెర్క్యూరీది, ఇప్పుడు రాదు. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటర్ ఎక్కువ చూపించి ఫోటోలు నల్లబడతాయి, చెవి మిషన్‌కి వేసే 675 జింక్ సెల్ 1.4 వోల్టులు, అది తెచ్చి చుట్టూ చిన్న రబ్బరు రింగ్ పెట్టి వేయండి.

ఇంకా చీకటైతే ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 అనే నలుపు తెలుపు 400 ఫిల్మ్ వేసి 1600 అనుకుని తీయండి. కెమెరాలో ఏఎస్ఏ 800 దాకానే ఉంది కాబట్టి అంతా మాన్యువల్‌లోనే. రోల్ ఇచ్చేటప్పుడు రెండు స్టాపులు (మెట్లు) పుష్ చేయమని, అంటే ఎక్కువసేపు డెవలప్ చేయమని ల్యాబ్‌లో తప్పకుండా చెప్పండి, గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) కనిపిస్తుంది, కనిపించనివ్వండి. స్కాన్లతో సరిపెట్టుకోకుండా నెగటివ్‌లు కూడా అడిగి తీసుకుని కిటికీ వెలుతురుకి పెట్టి చూడండి, నీడలు ఉండాల్సిన చోట ఫిల్మ్ ఏమీ లేకుండా తెల్లగా ఉందంటే అక్కడ వెలుతురు చాలలేదని అర్థం, వచ్చే రోల్‌లో స్పీడ్ ఇంకో మెట్టు దించండి.

మీ తాతయ్య