కట్టడం అందం సరే, కట్టినవాళ్ల సంగతి?

2014 ఫిబ్రవరి చివర్లో లండన్‌లో విలేకరులు ఆర్కిటెక్ట్ జహా హదీద్‌ను ఖతర్ కార్మికుల గురించి అడిగారు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం అల్ వక్రాలో కట్టబోతున్న స్టేడియానికి డిజైన్ ఆమెదే. అంతకుముందు రెండేళ్లలో ఖతర్‌లో 500 మందికి పైగా భారతీయ కార్మికులు చనిపోయారన్న వార్త అప్పుడే బయటికొచ్చింది. దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదంటూనే, కార్మికులతో తనకు సంబంధం లేదని, సమస్య ఉంటే ప్రభుత్వం చూసుకోవాలని, ఆర్కిటెక్ట్‌గా అది తన బాధ్యత కాదని ఆమె జవాబిచ్చారు. మరుసటి నెలలో ఆమె సంస్థ భాగస్వామి పాట్రిక్ షూమాకర్ ఇంకో అడుగు ముందుకేసి, ఆర్కిటెక్టుల పని ఆకారం వరకే, మిగతాది వాళ్ల చేతిలో లేదని రాశారు.

ఆమె వైపు న్యాయం కూడా చెప్పాలి. ఓ అమెరికన్ విమర్శకుడు ఆమె స్టేడియం పనుల్లోనే వెయ్యి మంది చనిపోయినట్టు అర్థం వచ్చేలా రాశాడు. ఆమె ఆ మాట అన్ననాటికి అక్కడ నిర్మాణమే మొదలుకాలేదు. ఆమె కోర్టుకు వెళ్లారు, విమర్శకుడు క్షమాపణ చెప్పాడు, 2015 జనవరిలో రాజీ కుదిరింది. లెక్క తప్పు. ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది: అందమైన కట్టడాన్ని ఊహించినవాళ్లకు, దాన్ని కట్టేటప్పుడు పోయే ప్రాణాలతో ఏమీ పనిలేదా?

నిజానికి ఈ ప్రశ్న వయసు నూట అరవై ఏళ్ల పైమాటే. 1849లో ఇంగ్లండ్‌లో కళా విమర్శకుడు జాన్ రస్కిన్ (1904లో రైలు ప్రయాణంలో గాంధీజీ చదివి చలించిపోయిన పుస్తకం రాసింది ఈయనే) కట్టడం అబద్ధం ఆడకూడదని రాశాడు. చెక్కకు పాలరాయిలా రంగు పూయడం, ఒక రకంగా నిలబడ్డ కట్టడాన్ని మరో రకంగా నిలబడ్డట్టు చూపించడం, యంత్రంతో పోతపోసిన నగిషీని చేత్తో చెక్కినట్టు నమ్మించడం ఆయన లెక్కలో మోసాలు. అదే పుస్తకంలో ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. ఈ నగిషీ చెక్కినవాడు చెక్కేటప్పుడు సంతోషంగా ఉన్నాడా?

అంటే ఒక ప్రశ్న రాయి గురించి, ఇంకోటి మనిషి గురించి. తర్వాతి వందేళ్లలో మొదటి ప్రశ్న బడుల్లోకి, పాఠాల్లోకి ఎక్కింది. రెండోది దారిలో ఎక్కడో జారిపోయింది. 2014లో లండన్‌లో వినిపించిన జవాబు ఆ జారిపోయిన చోటు నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

రస్కిన్ మాత్రం రెండో ప్రశ్నను వదల్లేదు. 1853లో వెనిస్ కట్టడాల మీద రాస్తూ గాజుపూసల ఉదాహరణ ఇచ్చాడు. ముందు గాజును సన్నని కడ్డీలుగా సాగదీస్తారు. వాటిని ముక్కలు చేసేవాళ్లు రోజంతా కూర్చుని అదే పని చేస్తారు. పక్షవాతం వచ్చినట్టు చేతులు ఒకే లయలో వణుకుతుంటే పూసలు వడగళ్లలా కింద రాలుతుంటాయి. ఆ పనిలో వాళ్ల బుద్ధికి గానీ మనసుకు గానీ చోటు లేదు. కాబట్టి గాజుపూసలు కొనే ప్రతి అమ్మాయీ బానిస వ్యాపారంలో భాగస్తురాలే అన్నాడు. ఇక్కడ ఆయన యజమానిని మాత్రమే తప్పుపట్టి ఊరుకోలేదు. అందాన్ని కోరుకున్నవాళ్లనూ లెక్కలోకి తెచ్చాడు. మధ్యయుగాల నాటి గోతిక్ చర్చిల మోటు చెక్కడం ఆయనకు నచ్చింది కూడా అందుకే. ఆ వంకరలో ఒక స్వేచ్ఛగల మనిషి చెయ్యి కనిపిస్తుందన్నాడు.

ఇంగ్లిష్ డిజైనర్, రచయిత విలియం మోరిస్ ఈ మాటను నెత్తిన పెట్టుకున్నాడు. 1892లో రస్కిన్ ఈ మాటలు రాసిన అధ్యాయాన్ని తన సొంత ప్రెస్సులో విడిగా అచ్చువేశాడు. చేతిపనికి గౌరవం ఇవ్వాలని వర్క్‌షాపులు పెట్టాడు. అయితే చేత్తో చేసిన వస్తువు ఖరీదైపోయి, కొనగలిగేది డబ్బున్నవాళ్లే అయ్యారు. ధనికుల విలాసాలకు ఊడిగం చేయడంలోనే తన జీవితం గడిచిపోతోందని ఆయనే చిరాకుపడ్డాడు.

ఇంతలో వియన్నాలో ఆర్కిటెక్ట్ అడాల్ఫ్ లోస్ వచ్చాడు. 1910లో ఇచ్చిన ఉపన్యాసంలో అలంకారం నేరం అన్నాడు. ఈ మాటను ఇప్పుడు అందరూ అభిరుచికి సంబంధించిన మాటగా చెప్పుకుంటారు గానీ, లోస్ వాదనలో పెద్ద భాగం కూలి గురించే. నగిషీ చెక్కేవాడు ఇరవై గంటలు కష్టపడితే, ఆధునిక కార్మికుడు ఎనిమిది గంటల్లో సంపాదించేంత వస్తుంది. అందువల్ల అలంకారం అంటే వృథా అయిన శ్రమ, వృథా అయిన ఆరోగ్యం అన్నాడు. అదే వ్యాసంలో పచ్చబొట్లు వేసుకునే జాతులను కించపరిచే మాటలూ ఉన్నాయి, వాటిని సమర్థించాల్సిన పనిలేదు. తర్వాతి తరం ఆయన దగ్గర తీసుకున్నది నున్నటి తెల్లగోడ. కూలి లెక్క ఆయన దగ్గరే ఆగిపోయింది.

అక్కడి నుంచి నీతి అంటే మెటీరియల్ నిజాయితీ అనే అర్థం స్థిరపడిపోయింది. 1954లో ఇంగ్లండ్‌లోని హన్‌స్టంటన్‌లో ఆర్కిటెక్టులు స్మిత్‌సన్ దంపతులు కట్టిన బడిలో నీళ్ల పైపులు, కరెంటు వైర్ల గొట్టాలు, ఇటుక, ఉక్కు అన్నీ బయటికే కనిపిస్తాయి. అది నిజాయితీ అన్నారు. అదే దశాబ్దంలో మన చండీగఢ్‌లో ఆర్కిటెక్ట్ లీ కార్బూజియే కాంక్రీటును నునుపు చేయకుండా వదిలేశాడు. సెంట్రింగు చెక్కల అచ్చు ఇప్పటికీ ఆ గోడల మీద చూడొచ్చు. ఆ కాంక్రీటులో ఎక్కువ భాగాన్ని ఆడా మగా కూలీలు తట్టల్లో నెత్తిన మోశారు. చెక్క గుర్తుకు గోడ మీద చోటు దొరికింది. మరి మోసినవాళ్లకు? ముఖ్యమంత్రి మొదలుకుని ప్యూను దాకా జీతాన్ని బట్టి 13 తరగతుల ప్రభుత్వ ఇళ్లు ఆ నగరంలో డిజైన్ చేశారు. నగరాన్ని కట్టిన కూలీలకు అందులో తరగతే లేదు. వాళ్లు ప్లాన్‌లో లేని గుడిసెల్లో ఉన్నారు.

జారిపోయిన ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది చట్టమే. సైటు మీద జరిగే ప్రమాదాల్లో కొన్ని డ్రాయింగులోనే మొదలవుతాయన్న అవగాహనతో బ్రిటన్ 1994లో కొత్త నిబంధనలు చేసింది. కట్టేవాళ్లకు, తర్వాత శుభ్రం చేసేవాళ్లకు రాగల ప్రమాదాన్ని గీసే దశలోనే తప్పించడం డిజైనర్ బాధ్యత అయింది. అంత ఎత్తున ఆ అద్దాన్ని బిగించేవాడు ఎక్కడ నిలబడతాడు, బెల్టు దేనికి తగిలిస్తాడు అని ఆర్కిటెక్ట్ ఆలోచించి తీరాలి. మన దేశంలోనూ 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం కింద వచ్చిన కేంద్ర నిబంధనల్లో ఆర్కిటెక్టుల బాధ్యత గురించి రాశారు. ఆ సంగతి మన బిల్డింగ్ సైట్ల మీద ఎంతమందికి తెలుసో ఎవరికి వాళ్లు చుట్టూ చూసి చెప్పుకోవచ్చు.

బ్రిటన్‌లో ఆ చట్టం పనిచేస్తే ఏమవుతుందో చూపించే కట్టడం ఒకటుంది. అది కూడా జహా హదీద్‌దే. 2012 లండన్ ఒలింపిక్స్ ఈతకొలను భవనం, 160 మీటర్ల పొడవున అలలా లేచి మూడే ఆధారాల మీద నిలిచిన కప్పు. కట్టడానికి అంత తేలికైన ఆకారం కాదది. ఆ ఒలింపిక్ పార్కు మొత్తం మీద దాదాపు 46,000 మంది పనిచేస్తే నిర్మాణ ప్రమాదంలో ఒక్కరు కూడా చనిపోలేదు. కప్పు అందానికి ఏ లోటూ రాలేదు. అందం కావాలంటే కొన్ని ప్రాణాలు తప్పవు అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

అల్ వక్రా స్టేడియం 2019 మేలో అల్ జనూబ్ పేరుతో తెరుచుకుంది. సంప్రదాయ పడవ ధోను తలపించే ఆకారం, 40,000 సీట్లు, తెరుచుకుని మూసుకునే కప్పు. ప్రేక్షకుడికి ఎండ సోకకుండా, సీట్ల దగ్గరికే చల్లగాలి అందేలా ఎంతో శ్రద్ధగా లెక్కకట్టారు. దాన్ని కట్టిన ఏళ్లలో అక్కడి చట్టం ప్రకారం ఆరుబయట పని ఆపాల్సింది జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు, పగలు పదకొండున్నర నుంచి మూడింటి దాకా మాత్రమే. 2021లో గానీ ఆ సమయాన్ని పది నుంచి మూడున్నరకు, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15కు పెంచలేదు. కూర్చునేవాళ్ల ఒంటి వేడిని డిగ్రీల్లో కొలవగలిగిన నైపుణ్యం, ఉక్కు మీద నిలబడ్డవాళ్ల దాకా రాలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

చావుల లెక్కలో ఇప్పటికీ గొడవే. స్టేడియం పనుల్లో ప్రమాదాల వల్ల ముగ్గురు, ఇతర కారణాలతో 37 మంది పోయారని ఖతర్ నిర్వాహకులు చెప్పారు. 2010 చివర్లో ప్రపంచకప్ ఖరారైన నాటి నుంచి పదేళ్లలో ఐదు దక్షిణాసియా దేశాల వాళ్లు 6,500 మందికి పైగా ఖతర్‌లో చనిపోయారని ఓ బ్రిటిష్ పత్రిక 2021లో రాసింది. ఈ రెండో లెక్కలో అన్ని పనుల వాళ్లూ, అన్ని కారణాలూ కలిసి ఉన్నాయి. కారణం ఎందుకు తేలదంటే, చాలా మరణ ధ్రువపత్రాల మీద ఉండేది ‘సహజ మరణం’ అనే ఒక్క ముక్క. పోస్టుమార్టం ఉండదు. ముప్పై ఏళ్లవాడు రాత్రి క్యాంపులో పడుకుని తెల్లారి లేవకపోయినా అంతే రాస్తారు. పని వల్ల పోయాడని కాగితం మీద లేకపోతే ఇంటివాళ్లకు కంపెనీ పరిహారం రాదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి వైపు ఊళ్లలో ఈ కాగితం సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఏజెంటుకు అప్పు చేసి కట్టడం, కఫీల్ (అక్కడి స్పాన్సర్ యజమాని) దగ్గర పాస్‌పోర్టు ఇరుక్కుపోవడం, చివరికి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో శవపేటిక కోసం ఎదురుచూడటం అక్కడ ఎన్నో ఇళ్ల అనుభవం. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. గల్ఫ్ సంఘాలు ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది అది.

ఆర్కిటెక్టుల సంఘాలు మారలేవా అంటే మారగలవు. మరణశిక్ష అమలు చేసే గదులను, ఖైదీని దీర్ఘకాలం ఒంటరిగా బంధించే గదులను సభ్యులు డిజైన్ చేయకూడదని అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ 2020 డిసెంబరులో తన నియమావళిలో చేర్చింది. 2014లో ఇదే విజ్ఞప్తిని ఆ సంస్థ తోసిపుచ్చింది. భవనం లోపల ఏం జరుగుతుందో దానికి డిజైనర్ బాధ్యుడని ఆరేళ్లలో ఒప్పుకున్నారన్నమాట. కట్టేటప్పుడు ఏం జరుగుతుందో దానికీ బాధ్యుడేనని అదే పద్ధతిలో రాసుకోవచ్చు.

2024 డిసెంబరు 11న 2034 ప్రపంచకప్‌ను సౌదీ అరేబియాకు ఇచ్చారు. 15 స్టేడియాలు కావాలి, అందులో 11 కొత్తవి. బొమ్మలు ఇప్పటికే విడుదలయ్యాయి, చూడటానికి చాలా బాగున్నాయి. మన కుర్రాళ్లు ఆ వీసాల కోసం మెడికల్ టెస్టుల లైన్లో నిలబడే లోపే ఆ డిజైన్ సంస్థల ఒప్పందాల్లో ఎండ వేళల పనిని, పోస్టుమార్టాన్ని, పరిహారాన్ని రాయించుకోవాలి. సంతకాలు అయిపోయాక అడిగితే 2014 నాటి జవాబే మళ్లీ వస్తుంది.