ఇల్లరికం వచ్చిన బాక్టీరియా

పురుగును చంపే బాక్టీరియా జన్యువు పెట్టిన బీటీ పత్తి మాట వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న వెంటే వస్తుంది: బాక్టీరియా జన్యువు మొక్కలోకి పోవడం ప్రకృతిలో ఎక్కడైనా ఉందా? ఉంది. పత్తిలోకి మనిషి పంపినవి ఒకటో రెండో. ప్రకృతి పంపినవి వేలల్లో ఉన్నాయి. చిలగడదుంపనే తీసుకోండి. 2015లో 291 సాగురకాలు పరీక్షిస్తే అన్నింటిలోనూ అగ్రోబాక్టీరియం అనే నేల బాక్టీరియా తాలూకు డీఎన్ఏ కనబడింది. ఏ ల్యాబూ పెట్టింది కాదది. అయినా పరిణామం లెక్కన దుంప సంగతి నిన్నమొన్నటిదే. అసలు వలస వంద కోట్ల ఏళ్లకు పైగా నడుస్తోంది, ఇవాళ్టికీ ఆగలేదు.

ఆకులోని హరితరేణువు ఒకప్పుడు సొంతంగా బతికిన సయనోబాక్టీరియం. వరిమడిలో నత్రజని కోసం చల్లే నీలి ఆకుపచ్చ నాచు ఆ వంశానిదే. దీని రుజువులు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. పుస్తకాలు చెప్పకుండా వదిలేసేది తర్వాతి కథను. పచ్చని చిక్కుడుగింజ లాంటి బొమ్మ గీసి, లోపల నాణేల దొంతరలు పేర్చి, బాణంగుర్తులు పెట్టి పాఠం ముగిస్తారు. ఆ గింజ ఆస్తి ఏమైందో ఎవరూ అడగరు.

ఆస్తి లెక్క ఇదీ. 1996లో సినెకోసిస్టిస్ అనే సయనోబాక్టీరియం జన్యుక్రమం పూర్తిగా చదివారు. జన్యువులు 3,200 దాకా తేలాయి. మొక్కల హరితరేణువులో ఇప్పుడు ప్రొటీన్లు చేసే జన్యువులు 80 చిల్లర. కానీ హరితరేణువు పని నడవాలంటే రెండు మూడు వేల రకాల ప్రొటీన్లు కావాలి. అంటే మూడు వేల దస్తావేజులతో ఇల్లరికం వచ్చిన అల్లుడి చేతిలో ఇప్పుడు ఎనభై కాగితాలు మిగిలాయి. కొన్ని చిరిగి పోయాయి, చాలా భాగం అత్తగారి బీరువాలోకి, అంటే కణ కేంద్రకంలోకి చేరాయి. ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ మొక్క జన్యువుల్లో దాదాపు 4,500, అంటే 18 శాతం, సయనోబాక్టీరియా నుంచి వచ్చినవేనని 2002లో ఒక అంచనా వేశారు. ఇంకా కచ్చితమైన కొలతలు పెడితే ఈ సంఖ్య తగ్గుతుంది. అందులో సగానికి పైగా జన్యువుల ప్రొటీన్లు ఇప్పుడు హరితరేణువుకు పోనే పోవు, కణంలో వేరే పనులు చేస్తాయి. అత్తగారు అల్లుడి పొలంలో తన పంట వేసుకున్నట్టు.

ఇల్లరికం పోలిక ఒకచోట తప్పుతుంది. అల్లుడు ఒక్కడే ఉంటాడు. ఆకు కణంలో హరితరేణువులు పదుల్లో ఉంటాయి, ఒక్కోదానిలో జన్యుపటం నకళ్లు బోలెడు. కాబట్టి అల్లుడు ఒక్కడని కాదు, ఒకే దస్తావేజు జిరాక్సులు పట్టుకున్న అల్లుళ్ల గుంపని అనుకోండి. అందులో ఒకరు చనిపోతే కాగితాలు వరండాలో చెల్లాచెదురవుతాయి. మిగతావాళ్ల దగ్గర అసలు భద్రంగా ఉంటుంది కాబట్టి ఇల్లు నడుస్తూనే ఉంటుంది. కేంద్రకంలో డీఎన్ఏ రెండు పోగులూ తెగినప్పుడు కణం చేతికందిన ముక్కతో అతుకు వేస్తుంది. హరితరేణువు డీఎన్ఏ ముక్క లోపలికి దూరేది అక్కడే. క్లామిడోమొనాస్ అనే నాచు కణానికి ఒకే ఒక్క హరితరేణువు ఉంటుంది, అది చస్తే కణమూ చస్తుంది. దాని కేంద్రకంలో ఇలాంటి ముక్కలు చాలా తక్కువగా ఉండడానికి కారణం ఇదేనంటారు.

ఇది ఎంత తరచుగా జరుగుతుందో పొగాకులో కొలిచారు. 2003లో వచ్చిన ఆ ప్రయోగం చేసిన తీరు చూడండి. కానమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువును హరితరేణువు డీఎన్ఏలో పెట్టారు, కానీ దాని ముందు కేంద్రకం మాత్రమే చదివే ప్రమోటర్ (జన్యువును పనికి పురమాయించే మీట) అతికించి, మధ్యలో కేంద్రకం మాత్రమే కత్తిరించగల ఇంట్రాన్ (జన్యువు నడుమ వచ్చే అడ్డుముక్క) ఇరికించారు. హరితరేణువులో ఉన్నంతకాలం ఆ జన్యువు మూగది. కేంద్రకంలోకి దూకితేనే పలుకుతుంది. పొగాకులో హరితరేణువులు తల్లి నుంచే వస్తాయి. అందుకని ఈ మొక్కల పుప్పొడిని మామూలు మొక్కల పూలకు అద్ది, వచ్చిన గింజలను కానమైసిన్ ఉన్న పళ్లెంలో మొలకెత్తించారు. రెండున్నర లక్షల మొలకల్లో 16 పచ్చగా నిలిచాయి. అంటే సుమారు 16,000 పుప్పొడి రేణువులకు ఒకటి. అదే ఏడాది మరో బృందం ఆకు కణాల్లో కొలిస్తే 50 లక్షల కణాలకు ఒకటి వచ్చింది. పుప్పొడి తయారయ్యేటప్పుడు హరితరేణువులు మూకుమ్మడిగా నశిస్తాయి, ఈ తేడాకు కారణం అదేనంటారు.

దూకడం సులువన్నమాట. నిలవడం కష్టం. అలా దూకిన జన్యువుల్లో చాలా వాటిని కొన్ని తరాల్లోనే మొక్క పోగొట్టుకుంటుంది. నిలిచినవి కూడా మిథైలేషన్ (డీఎన్ఏకు అంటే రసాయన ముద్ర) పట్టి, డీఎన్ఏలోని సీ అక్షరాలు టీగా మారుతూ శిథిలమవుతాయి. వరి పదో క్రోమోజోములో 131 వేల అక్షరాల హరితరేణువు ముక్క ఒకటుంది. వరి హరితరేణువు జన్యుపటం మొత్తమే 134 వేల పైచిలుకు! అయినా ఆ బారెడు ముక్కతో వరికి పనిలేదు. జన్యుక్రమం చదివేవాళ్లకు మాత్రం తలనొప్పి. ఆకు నుంచి తీసిన డీఎన్ఏలో అసలు హరితరేణువుదీ ఉంటుంది కాబట్టి, యంత్రం ఒక్క దఫాలో చదివిన ముక్కలో సగం క్రోమోజోము వరస, సగం హరితరేణువు వరస కలిసి కనబడితేనే ముక్క నిజంగా కేంద్రకంలో ఉందని నమ్మాలి. లేకపోతే అది కలగలుపు.

దూకిన జన్యువు పనిచేయాలంటే మూడు కావాలి. ముందు కేంద్రకం చదవగల ప్రమోటర్. చివర, జన్యువు నకలుకు పాలీ-ఏ తోక (వరసగా ఏ అక్షరాలు) వేయించే గుర్తు. మూడోది అసలు చిక్కు: తయారైన ప్రొటీను తిరిగి హరితరేణువుకు చేరడానికి చిరునామా చీటీ. ఇది ప్రొటీను తలకట్టుగా వచ్చే 20 నుంచి 100 పైచిలుకు అమైనో ఆమ్లాల తోరణం. సెరీన్, థ్రియోనీన్ ఎక్కువ, ఆమ్ల గుణం ఉన్నవి తక్కువ. హరితరేణువు బయటి పొర మీది టాక్ ద్వారం దీన్ని గుర్తుపడుతుంది, లోపలి పొరలోని టిక్ ద్వారం లోనికి లాగుతుంది, లోపల ఒక ఎంజైము చీటీని కత్తిరిస్తుంది. టాక్ ద్వారంలో అసలు రంధ్రం టాక్75 అనే ప్రొటీనుది. అది సయనోబాక్టీరియా బయటి పొర ప్రొటీను వంశమే. అత్తగారింటి గుమ్మానికి అల్లుడు తెచ్చిన కలపే వాడారు.

చీటీ ఎలా అంటుకుంటుందో పప్పుధాన్యాలు చూపిస్తాయి. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముకు చెందిన ఆర్‌పీఎల్22 జన్యువు చాలా పూలమొక్కల్లో హరితరేణువులోనే ఉంది. చిక్కుడు కుటుంబంలో, అంటే కంది, పెసర, మినుము, శనగ బంధువర్గంలో, అక్కడ లేదు. 1991లో బఠాణీ కేంద్రకంలో దాన్ని పట్టుకున్నారు. చీటీ ఒక ఎక్సాన్‌లో (జన్యువులో ప్రొటీనుకు పనికొచ్చే ముక్క), పాత బాక్టీరియా జన్యువు మరో ఎక్సాన్‌లో, మధ్యలో ఇంట్రాన్. చీటీ వేరే చోటి నుంచి వచ్చి అతుక్కుందని ఆ అతుకే సాక్షి. ఇంకో సంగతీ తేలింది. నకలు కేంద్రకంలోకి చేరింది మొదట్లో, హరితరేణువులోని అసలు పోయింది ఎంతో కాలం తర్వాత. జిరాక్సు చెల్లుబాటయ్యాకే అసలు కాగితం పారేశారు. ఈ వరస తలకిందులైతే మొక్క బతకదు.

"దేశవాళీ విత్తనం, పరాయి జన్యువు అంటని శుద్ధమైనది" అని అమ్మేవాళ్లు ఈ పప్పు సంగతి తెలుసుకుంటే మంచిది. బీటీ పత్తిలో బాక్టీరియా జన్యువు పెట్టినవాళ్లకూ ఇలాంటి చిక్కే ఎదురైంది. క్రై అనే ఆ జన్యువును ఉన్నదున్నట్టు పెడితే మొక్కలో ప్రొటీను సరిగా రాలేదు. కోడాన్లను, అంటే ఒక్కో అమైనో ఆమ్లానికి మూడక్షరాల గుర్తులను, మొక్కకు తగ్గట్టు తిరగరాశాకే వచ్చింది.

మరి ఆ ఎనభై ఎందుకు మిగిలాయి? గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టే రూబిస్కో ఎంజైములో పెద్ద ముక్క జన్యువు హరితరేణువులో, చిన్న ముక్కది కేంద్రకంలో ఉంది. ఎనిమిది పెద్దవి, ఎనిమిది చిన్నవి కలిస్తేనే ఎంజైము. వెలుతురులో నిమిషాల లెక్కన పాడయ్యే డీ1 లాంటి ప్రొటీన్లకు మరమ్మతు అక్కడికక్కడే జరగాలి కాబట్టి జన్యువు దగ్గరే ఉండాలన్న వాదన నాకు బాగా నచ్చుతుంది. డీ1 జన్యువు పేరు పీఎస్‌బీఏ. మొక్కజొన్న చేలో కొట్టే అట్రజిన్ అనే కలుపుమందు పట్టుకునేది ఈ డీ1నే. 264వ స్థానంలో సెరీన్ బదులు గ్లైసీన్ వస్తే మందు పట్టదు, కలుపు చావదు. ఆ మార్పు హరితరేణువులో ఉంది కాబట్టి గాలికి ఎగిరే పుప్పొడితో పక్క చేనుకు పోదు, తల్లి గింజతోనే పోతుంది. గింజ రాలకముందు ఆ మొక్కను పీకితే అక్కడితో ఆగుతుంది. మందును విరగ్గొట్టే ఎంజైముల వల్ల వచ్చే తట్టుకునే గుణం అలా కాదు. దాని జన్యువులు కేంద్రకంలో ఉంటాయి, పుప్పొడితోనే గట్టు దాటతాయి.