చీకటి అంటే నల్ల ఇంకేనా? సూపర్‌హీరో కామిక్స్‌పై అపోహలు - వాస్తవాలు

కామిక్స్‌కి ఇంకింగ్ (పెన్సిల్ గీతల మీద ఇంకు వేయడం), లెటరింగ్ (మాటలు, శబ్దాలు అక్షరాల్లో రాయడం) చేయడం నా పని. "కాస్త డార్క్‌గా ఉండాలండీ" అని అడగని క్లయింట్ లేడు. డార్క్ అంటే ఏమిటో వాళ్ళకీ స్పష్టంగా తెలియదు, నలుపు దట్టంగా పులిమితే చాలనుకుంటారు.

అపోహ: సూపర్‌హీరో కథలు డార్క్‌గా మారడమన్నది 1986లో ఒక్కసారిగా వచ్చింది.

ఆ ఏడాది 'వాచ్‌మెన్', 'ద డార్క్ నైట్ రిటర్న్స్' అనే డార్క్ కామిక్స్ మొదలైన మాట నిజమే. కానీ 1962లోనే స్పైడర్‌మ్యాన్ వచ్చాడు. పక్కనుంచే దొంగ పారిపోతుంటే నాకెందుకులే అని ఊరుకున్నాడు. చివరికి ఆ దొంగే అతన్ని పెంచిన అంకుల్ బెన్‌ని చంపాడు. మరుసటి ఏడాది మొదలైన సొంత పత్రిక తొలి సంచికలో బెన్ భార్య ఆంటీ మే అద్దె కోసం నగలు తాకట్టు పెట్టింది. మన ఇళ్ళలో ఎవరికి తెలియని టెన్షన్ అది?

అపోహ: చీకటి అంటే నలుపు, నెత్తురు.

నేనూ మొదట్లో ఇదే నమ్మాను. ఒక పేజీలో నలుపు ఎంత వేశానంటే, ప్రింటయ్యాక మనిషి ముఖం ఎక్కడుందో నాకే తెలియలేదు.

1973 జూన్ నాటి 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 121వ సంచిక తీసి చూడండి. రాసింది జెర్రీ కాన్వే, బొమ్మలు గిల్ కేన్‌వి. వంతెన మీంచి అతని ప్రేయసి గ్వెన్ స్టేసీ పడిపోతుంటే స్పైడర్‌మ్యాన్ దారం విసిరి కాళ్ళ దగ్గర పట్టేశాడు. నెత్తురు చుక్క లేదు. ఆమె మెడ పక్కన మాత్రం చిన్న అక్షరాల్లో 'స్నాప్' అని ఉంటుంది. అతను మాత్రం కాపాడేశాననే సంబరంలో ఉన్నాడు. ఆ కుదుపుకే మెడ విరిగిందని తర్వాత ఉత్తరాల పేజీలో సంపాదకులు చెప్పారు. అదే మాటను పేలుడు శబ్దంలా పెద్దగా రాసి ఉంటే ఆ పేజీ చచ్చిపోయేది. లెటరింగ్ నేర్చుకునే పిల్లలకు ముందు నేను చూపించేది ఇదే.

అపోహ: అమెరికా ప్రభుత్వమే కామిక్స్‌ని సెన్సార్ చేసేది.

కామిక్స్‌లో ఏం ఉండొచ్చో, ఏం ఉండకూడదో చెప్పే నియమావళి కామిక్స్ కోడ్‌ని 1954లో పెట్టుకున్నది ప్రచురణకర్తలే. సెనేట్ విచారణకు భయపడి పెట్టుకున్నారనుకోండి, అది వేరే సంగతి. తమాషా ఏమిటంటే, మత్తుమందుల మీద కథ రాయమని మార్వెల్ సంస్థ రచయిత స్టాన్ లీని అడిగింది ప్రభుత్వ ఆరోగ్య శాఖ, ఆ కథకు ఆమోద ముద్ర వేయనన్నది కోడ్. 1971లో మార్వెల్ ఆ కథ వచ్చిన మూడు స్పైడర్‌మ్యాన్ సంచికల్నీ ముద్ర లేకుండానే అమ్మింది. అదే ఏడాది కోడ్ సడలింది.

అపోహ: పాఠకులంతా హీరోల చావులే కోరుకున్నారు.

1988లో బ్యాట్‌మ్యాన్ సహచరుడు జేసన్ టాడ్ బతకాలా, చావాలా అని ప్రచురణ సంస్థ డీసీ ఫోన్ ఓటింగ్ పెట్టింది. కాల్‌కి 50 సెంట్లు. చావాలన్నవి 5,343, బతకాలన్నవి 5,271. తేడా 72 కాల్స్. ఫలితం ఎటైనా రావచ్చని చిత్రకారుడు జిమ్ అపారో, జేసన్ బతికిన పేజీ కూడా గీసిపెట్టాడు.