కొత్త తేనెటీగల పెట్టె, ఎండాకాలం, పంచదార నీళ్లు: అపోహలు - వాస్తవాలు

పెట్టెలో ఈగల్ని దించుకున్న మూడో రోజుకల్లా, వాటికి మేతగా పెట్టే పంచదార నీళ్ల గురించి ఫోన్ వస్తుంది. "అన్నా, పాకం ఎంత ముదరాలి?" చిక్కంతా ఆ మాటతోనే. పాకం అనగానే మన చెయ్యి అరిసెల పాకం వైపు పోతుంది, తీగ సాగేదాకా పొయ్యి మీంచి దించం.

అపోహ: పంచదార బాగా మరిగితేనే ఈగలకు అరుగుతుంది.
నీళ్లు కాచి దించి, అందులో పంచదార వేసి కరిగించండి, చాలు. రంగు మారేదాకా మరిగించినా, నిమ్మకాయ పిండి కాచినా హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. అది ఈగలకు విషం. కిలో పంచదారకు లీటరు నీళ్లు పోస్తే లీటరున్నర పైచిలుకు వస్తుంది. పూర్తిగా చల్లారాకే పెట్టాలి.

అపోహ: బెల్లం సహజమైనది కాబట్టి పంచదార కంటే మంచిది.
మనకు మంచిదే. ఈగ కడుపుకు మాత్రం బెల్లంలోని ఖనిజాలు, మడ్డి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. పెట్టె ముందు పలక మీద గోధుమరంగు చారలు కనిపిస్తే ముందు బెల్లం ఆపండి. బజారు తేనె కూడా వద్దు, దానితో రోగాలు రావచ్చు.

అపోహ: ఊరంతా కానుగ పూసి ఉంది, ఇంక వేరే మేత ఎందుకు?
పాత పెట్టెకైతే నిజమే. కొత్త పెట్టెకు మకరందం తెచ్చినా దాచడానికి గదులే లేవు. ముందు మైనంతో తేనెపట్టు కట్టుకోవాలి. ఆ మైనం ఈగ ఒంట్లోంచే రావాలి, తిన్న తీపి నుంచే తయారవ్వాలి. పొద్దున్నే ఫ్రేమ్ (ఈగలు పట్టు కట్టే చట్రం) ఎత్తి ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్న ఈగల్ని దగ్గరగా చూడండి, పొట్ట అడుగున అభ్రకం తునకల్లాంటి పొరలు కనిపిస్తాయి. అదే మైనం. మన దేశవాళీ ఈగకు ఈ దశలో తిండి కరువైతే, మొత్తం గుంపు పెట్టె వదిలి లేచిపోతుంది. ఇటాలియన్ ఈగ అంత తొందరపడదు.

అలాగని బకెట్లకొద్దీ పోయకూడదు. గదులన్నీ పంచదార నీళ్లతో నిండిపోతే రాణి గుడ్లు పెట్టడానికి చోటుండదు. నాలుగు ఫ్రేముల చిన్న గుంపుకు నేను రోజు విడిచి రోజు టీ గ్లాసుడు, అంటే 150 నుంచి 200 మిల్లీలీటర్లు పెడతాను. కొబ్బరి చిప్పలో పోసి, ఈగలు మునిగిపోకుండా పైన నాలుగు పుల్లలు వేస్తాను. ఈ ఎండకు రెండో రోజుకే పులిసిన వాసన వస్తుంది. మిగిలింది పారబోసి చిప్ప కడగాల్సిందే.

అపోహ: పళ్లెంలో పోసి పెట్టెల మధ్య పెడితే అన్నీ పంచుకుని తాగుతాయి.
ఈ తప్పు నేనూ చేశాను, అదీ మిట్టమధ్యాహ్నం. పావుగంటలో ఈగలు ముసిరాయి. పళ్లెం ఖాళీ అయ్యాక బలమైన పెట్టెల ఈగలు పక్కనున్న కొత్త పెట్టె మీద పడ్డాయి. సాయంత్రానికి ఆ పెట్టె గుమ్మం ముందు దొర్లుతున్న ఈగలు, లోపల చింపిన పట్టు. అందుకే మేత పొద్దుగూకాక, పెట్టె లోపలే. చుక్క కింద పడినా తడిగుడ్డతో తుడవండి. గుమ్మం రెండు మూడు ఈగలు పట్టేంత వదిలి మిగతాది మూసేయండి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఎలాగూ ఉండాలి, లేకపోతే పంచదార తాగేది చీమలే.

అపోహ: పంచదార నీళ్లలో నీళ్లున్నాయిగా, వేరే నీళ్లెందుకు?
పెట్టెలో ఈగ పిల్లలున్న చోట ఈగలు 34, 35 డిగ్రీల వేడి నిలుపుకుంటాయి. బయట 43 ఉన్నప్పుడు అవి చేసేది మన ఎయిర్ కూలర్ పనే, నీటి చుక్కలు పట్టు మీద పూసి రెక్కలతో విసురుతాయి. తీపి నీళ్లు దానికి పనికిరావు. నీడలో మట్టి మూకుడు, అందులో గులకరాళ్లు, రోజూ కొత్త నీళ్లు. పెట్టె మీద ఎండ పడకుండా తాటాకు కప్పండి, లేత పట్టు వేడికి మెత్తబడి వంగిపోతుంది.

పంచదారతో కడుపు నిండుతుంది గానీ పిల్లలు పెరగరు, వాటికి పుప్పొడి కావాలి. వచ్చే ఈగల కాళ్లకు రంగు ముద్దలు ఉన్నాయో లేదో పది నిమిషాలు గుమ్మం దగ్గర కూర్చుని చూడండి.

అపోహ: వానలు పడేదాకా పెడుతూనే ఉండాలి.
రోజులు లెక్కపెట్టకండి, పెట్టె మూత తీసి చూడండి. ఫ్రేముల్లో పట్టు పూర్తయి, పై అంచున ఈగలు మైనంతో మూత వేసిన తేనె నాలుగు వేళ్ల వెడల్పు కనిపిస్తే ఆపేయొచ్చు. బయట మకరందం బాగా దొరికితే అవే చిప్పను ముట్టుకోవు. తేనె కోసం పైన సూపర్ (మనం తీసుకునే తేనె నిండే పై అర) పెట్టాలనుకుంటే మాత్రం ముందే ఆపాలి. మేత ఆపకుండా సూపర్ పెట్టి, "అన్నా, తేనె భలే దిగింది" అని మొన్నొకాయన సీసా తెచ్చి చూపించాడు. రుచి చూశాను. ఆయన పోసిన పంచదారే.